కిందాయన మెట్లెక్కిన రోజు

ఆసుపత్రిలో ఆయన్ను అందరూ కిందాయన అంటారు. పదకొండేళ్లుగా నేలమాళిగలోని సర్వర్ల గదే ఆయన కొలువు. పైవాళ్లకు ఫోన్లో గొంతు తెలుసు గానీ, ముఖం తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఆ ఆదివారం పొద్దున పాత భవనానికీ కొత్త భవనానికీ మధ్య నెట్‌వర్క్ ఇరవై నిమిషాలు తెగిపోయింది. పాత భవనంలోని అసలు సర్వర్ పడిపోతే పని అందుకోవడానికి కొత్త భవనంలో ఇంకొకటి ఉంది. అసలుదాని ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, అది పోయిందనుకుని పెత్తనం తీసేసుకుంది. లైను తిరిగొచ్చాక చూస్తే రెండూ నేనే పెద్దనంటూ కూర్చున్నాయి. ఏ భవనంలో రాసిన రోగుల వివరాలు ఆ భవనం సర్వర్లోనే చేరాయి.

కిందాయన ముందు రెండోదాన్ని ఆపేశాడు. అందులో చేరినవాటిని ఒక్కొక్కటే సరిచూసి అసలుదాంట్లోకి ఎక్కించాడు. నలుగురు రోగుల దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. వాళ్ల మందుల వివరాలు రెండుచోట్లా మారాయి. ఏది సరైనదో యంత్రానికేం తెలుసు? ఆ నలుగురూ ఉన్న పాత భవనం వార్డులో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. నలుగురివీ కాగితం మీద ముద్రించుకుని మెట్లెక్కాడు.

"ఎవరి కోసమండీ? ఇది రోగుల్ని చూసే వేళ కాదు," అంది నర్సు తలెత్తకుండా.

"కింద సర్వర్ల గది నుంచండీ."

"అయ్యో, కిందాయన మీరేనా! గొంతు విని బాగా ముసలాయన అనుకున్నా."

నవ్వుతూనే కాగితం అందుకుంది. మూడు తేలిపోయాయి. నాలుగోది చూడగానే నవ్వు ఆగింది.

"ఈ సూది ఆపమని రాసిందెవరు?"

"డాక్టరుగారే. కొత్త భవనం నుంచి."

ఆమె డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుంది. సిద్ధంగా ఉన్న సిరంజిని పక్కన పెట్టేసింది. ఆయన ఆ నాలుగో మనిషి మంచం దాకా వెళ్లాడు.

ఆ మంచం మీది పెద్దావిడ ఆయన వంక చూసింది. "నన్ను చూడ్డానికొచ్చావా నాయనా?"

కాదనడానికి నోరు రాలేదు. "అవునమ్మా."

"అయితే కూర్చో. నిలబడ్డవాళ్లంతా వెళ్లిపోయేవాళ్లే."

కూర్చున్నాడు. ఆవిడ తన మోకాళ్ల సంగతంతా చెప్పి, "నీకెవరున్నారు?" అంది.

"అక్క ఉందమ్మా."

"ఇంకా?"

ఆయన ఆలోచించాల్సి వచ్చింది.

కిందికి దిగేసరికి అక్క ఫోన్. "భోజనానికి రమ్మన్నాగా, ఎక్కడున్నావురా? బావ తినేశాడు కూడా!"

"పని పడిందక్కా."

"ఆదివారం కూడానా! సరే, రా. కూర వేడి చేస్తా."

వాళ్లింటికి వెళ్లాక అక్క వడ్డించి, కొళాయి కారుతోందని, పక్కింటివాళ్లు మారిపోతున్నారని చెప్పుకొచ్చింది. ఏం పని పడిందని మాత్రం అడగలేదు. అడిగితే మొత్తం చెప్పేవాడే.