మిషన్ అడగడానికి వెళ్లే సారవ్వ

సదయ్య చివరి ఏడాదంతా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. బొగ్గుబాయిలో ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంటే కాస్త సుఖపడతాడని డాక్టరు చెప్పాడు. అది దొరికేలోపే, భార్య సారవ్వ చెయ్యి పట్టుకుని, గాలి కోసం నోరు తెరిచి తెరిచి ప్రాణం వదిలాడు.

దినాలయ్యాక, అతనితో ఒకే షిఫ్టులో పనిచేసిన భూపాల్ గోదావరిఖనిలోని ఆ ఇంటికి వచ్చాడు. పాత కార్మికులు కలిసి సేవా సంస్థ పెడుతున్నారట. ఇలాంటి రోగులకు మిషన్లు ఉత్తగానే ఇస్తారు, అవసరం తీరాక మరొకరికి మారుస్తారు.

"సదన్న పేరే పెడ్తం వదినా."

"వద్దు భూపాల్. ఊపిరాడక పోయినోని పేరు మిషన్ మీదుంటే, పెట్టుకునేటోనికి పానం అదరదా?"

చివరికి 'బొగ్గుబాయి ఊపిరి సేవా సంస్థ' అని పెట్టారు. అవసరం తీరడమంటే మనిషి పోవడమే. ఏడుస్తున్న ఇంటికి వెళ్లి మిషన్ అడగడానికి మగవాళ్లెవరికీ నోరు రాలేదు. ఆ పని సారవ్వ తీసుకుంది.

ఎండాకాలంలో రామకృష్ణాపూర్‌లో సంస్థ మిషన్ పెట్టుకున్న ముత్యం చనిపోయాడు. అదే పొద్దున భూపాల్ ఫోన్ చేశాడు. గోదావరిఖనిలో యిర్మియా అనే పాత కార్మికుడికి ఊపిరి అందడం లేదు, దవాఖానకు రానని మొండికేస్తున్నాడు. సంస్థ దగ్గర ఒక్క మిషన్ కూడా మిగల్లేదు.

సారవ్వ వెళ్లేసరికి ముత్యం శవం వాకిట్లో ఉంది. అతని భార్య రమ లోపల మిషన్‌ను పొదివి పట్టుకుని కూర్చుంది.

"గిప్పుడే వస్తివా అవ్వా? ఆయన ఇంకా వాకిట్లనే ఉన్నడు. పాడె గూడ లేవలే."

సారవ్వ యిర్మియా మాట ఎత్తలేదు. "కానియ్యి బిడ్డా" అంటూ పక్కనే కూలబడి, అంతా ముగిసేదాకా ఆగింది.

మిషన్‌తో ఆటో గోదావరి వంతెన దాటుతుండగా ఫోన్ మోగింది.

"ఇగ నిమ్మలంగ రా వదినా. యిర్మియన్న పోయిండు."

అయినా సారవ్వ ఆ ఇంటికి వెళ్లింది. యిర్మియా భార్య సువార్త గడపలో కూర్చుని ఉంది.

"ఈయన ఎదురుచూస్తున్నడని వాళ్లకు చెప్పినవా అక్కా?"

"చెప్పలే."

సువార్త లేచి లోపలికి వెళ్లిపోయింది. సారవ్వ ఎండలో అలాగే నిలబడిపోయింది.

అప్పటినుంచి చావు జరిగిన ఇంటికి వెళ్లిన వెంటనే, ఎదురుచూస్తున్న మనిషి పేరు చెప్పి మిషన్ అడుగుతుంది. కొందరు కళ్లు తుడుచుకుని ఇచ్చేస్తారు, కొందరు కడుపు మండి తిడతారు. ఒక ముసలామె ఆమె మీద మన్నెత్తి పోసింది. సారవ్వ జుట్టు దులుపుకోకుండానే మిషన్ వైరు చుట్టి, ఆటోవాణ్ణి పిలిచింది. ఆ మిషన్ ఆ పూటే ఇంకొకరికి చేరింది.

ఎట్లా ఉన్నారో చూద్దామని ఆమె వెళ్తే, మిషన్ పెట్టుకున్న కొందరు రోగులు మాత్రం గోడవైపు మొహం తిప్పుకుంటారు.