ముగ్గు లేకపోతే రావద్దు

మా ఇంట్లో అందరికీ గూఢచారి నవలల పిచ్చి ఉండేది. నేను ప్రూఫులు దిద్దే దినపత్రిక ఆఫీసు దగ్గర ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. వారం వారం అక్కడినుంచి నాలుగైదు పాకెట్ పుస్తకాలు తెచ్చేవాణ్ణి. అమ్మ కూరలు తరుగుతుంటే అక్క పైకి చదివేది. బావ ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే, "ఎక్కడిదాకా వచ్చింది? ద్రోహి ఎవరో తేలిందా?" అని అడిగేవాడు. అమ్మ కత్తిపీట మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పేది. "ఆ క్లబ్బులో డాన్సు చేసే పిల్లే బాబూ. దాని వాలకం మొదటినుంచీ బాగాలేదు."

చాలాసార్లు ఆ పిల్లే అయ్యేది. లేకపోతే సైంటిస్టు దగ్గర కొత్తగా చేరిన సహాయకుడు. ఎవరైనా సరే, బయటినుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో వండి వడ్డించే మనిషి ద్రోహి అయిన నవల ఒక్కటి కూడా చదివిన గుర్తు నాకు లేదు.

అప్పుడు మేం కొత్తగూడలో అద్దెకుండేవాళ్ళం. కోస్తా నుంచి బావ ఉద్యోగం వెంట వచ్చిన కుటుంబం మాది: నాన్న పోయాక అమ్మ, నేను కూడా అక్కా బావల దగ్గరే చేరాం. ఇవాళ ఆ ఫ్లైఓవరు కింద హారన్లు మోగిస్తూ నిలబడేవాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా వీధిలో గేదెల మెడగంటలు తప్ప వేరే చప్పుడుండేది కాదు. ఊరు దాటితే బండలు, సీతాఫలం పొదలు. ఫ్యాక్టరీకి దారి దగ్గర, కిరాయి తక్కువ. ఆ రెండు కారణాల వల్లే అక్కడున్నాం.

అత్యవసర పరిస్థితి వచ్చాక బావ యూనియన్‌లోని వాళ్ళను పోలీసులు ఒక్కొక్కరినే తీసుకెళ్ళారు. బావ తప్పించుకుని ఖాజాగూడ బండల్లోకి వెళ్ళిపోయాడు. ఆయనకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. వానాకాలం ఎలాగో గడిచింది. చలి మొదలయ్యాక, తెల్లవారుజామున పాలమనిషి వేషంలో ఇంటికి వచ్చి, నాలుగు ముద్దలు తిని, మందు బిళ్ళలు తీసుకుని వెళ్ళేవాడు. తలమీద గొంగడి, చేతిలో పాల క్యాను. ఊపిరి తీస్తుంటే పిల్లి కూన అరిచినట్టు వినపడేది.

"ఆస్పత్రికి వెళ్దామండీ," అనేది అక్క.

"వెళ్దాం. నన్ను అక్కడే పట్టుకుంటే మందుల ఖర్చు వాళ్ళదే," అనేవాడు.

పోలీసులు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళారు. అందుకని ఒక గుర్తు కావాలన్నాడు బావ. నవలల్లో అయితే కిటికీలో పూలకుండీ పెడతారు. మాకు వీధివైపు కిటికీ లేదు, పూలకుండీ అసలే లేదు. వాకిట్లో ముగ్గు ఉంది. రోడ్డు మలుపులో నిలబడితే మా వాకిలి కనపడుతుంది. ముగ్గుంటే లోపలికి రావచ్చు, లేకపోతే రాకూడదు. ఇంట్లో పోలీసులు కూర్చుని ఎవర్నీ కదలనివ్వకపోయినా ఫరవాలేదు. మేం ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు, ఆయనకు తెలిసిపోతుంది. ఆ ఏర్పాటు చూసి నేను నిజంగా మెచ్చుకున్నాను.

ఒక్క చిక్కు అమ్మతో వచ్చింది. తెల్లవారి లేవగానే ఆవిడ చేతులు వాటంతటవే కళ్ళాపి చల్లి ముగ్గు వేసేస్తాయి. ఆవిణ్ణి నమ్మలేం. "అత్తయ్యగారూ, ఇకనుంచి మీరు ముగ్గు గిన్నె ముట్టుకోకూడదు. మీ అమ్మాయే వేస్తుంది," అని బావ గట్టిగా చెప్పాడు. "ఇదేం చోద్యం నాయనా, పండగపూటైనా?" అంది అమ్మ. "పండగపూట మరీ ముట్టుకోవద్దు," అన్నాడు.

ధనుర్మాసంలో ఒకరోజు నేను రాత్రి డ్యూటీ ముగించుకుని మొదటి బస్సులో వచ్చాను. మంచు ఇంకా విడలేదు. మలుపు తిరగ్గానే అలవాటుగా మా వాకిలివైపు చూశాను. ముగ్గుంది, తెల్లగా, తడి ఆరకుండా. నిశ్చింతగా దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళాను.

మధ్యగదిలో చాప మీద ఇద్దరు మగవాళ్ళు కూర్చుని మా గ్లాసుల్లో కాఫీ తాగుతున్నారు.

"మీరేనా పేపరాయన? కూసోండి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన, ఇల్లు తనదైనట్టు. "ఇంకో మనిషి వచ్చేదున్నది."

మఫ్టీలో ఉన్న పోలీసులని అర్థమైంది. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అక్క వంటింట్లో ఉంది. నేను తలుపువైపు చూశాను. రెండోవాడు లేచి అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు కేకలేస్తే వినపడుతుందా, బావ ఏ దూరంలో ఉన్నాడు అని లెక్క వేస్తుండగానే బయటినుంచి గొంతు వచ్చింది.

"అమ్మా, పాలూ!"

"పాలు మస్తు చిక్కగున్నట్టున్నయి. లోపలికి రా అన్నా," అన్నాడు పెద్దాయన.

బావ పరిగెత్తలేదు. పరిగెత్తే ఊపిరి ఎక్కడుంది? గొంగడి తీసి మడతపెట్టి అరుగు మీద పెట్టాడు. లోపలికి చూశాడు, మాలో ఎవరివైపు చూశాడో నాకు తెలియలేదు. పెద్దాయన మర్యాదగా పాలు మా గిన్నెలో పోయించి, ఖాళీ క్యాను అటూ ఇటూ తిప్పి చూసి, చేత్తో పట్టుకుని వెళ్ళాడు. కొట్టలేదు, తిట్టలేదు. వెనకవీధిలో ఆపి ఉంచిన జీపు వెళ్ళాక అడిగాను.

"ముగ్గెవరు వేశారు?"

"నేనేరా," అంది అమ్మ వెంటనే. "ధనుర్మాసం. చెయ్యి ఊరుకోలేదు."

అక్క అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది. తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రమే పుప్పాలగూడలో బావ తోటి కార్మికుణ్ణి కూడా పట్టుకున్నారు. బండల్లో ఉన్నన్నాళ్ళూ బావకు అన్నం మోసింది అతనే. పాల క్యాను అతని ఇంటిదే. కొత్త గిన్నె కొంటే దానిమీద పేరు కొట్టించడం మన ఇళ్ళల్లో ఉన్నదే కదా, క్యాను అడుగున అతని భార్య తన మొగుడి పేరు కొట్టించింది. అన్ని నవలలు చదివిన మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ క్యానును ఏ రోజూ తిరగేసి చూడలేదు.

ఈ రెండు అరెస్టుల గురించి మా పత్రికలో ఒక్క అక్షరం రాలేదు. రాదని నాకు తెలుసు. అప్పట్లో మా పేజీలు సెన్సారు చూశాకే అచ్చుకు వెళ్ళేవి.

బావ జైలు నుంచి వచ్చేదాకా అమ్మ ఆ ముగ్గును మోసింది. ఊళ్ళో అందరూ ఆవిడనే అన్నారు. మా ఇంటి ఓనరమ్మ అయితే కనపడినప్పుడల్లా అనేది: "ఏందమ్మా, ఒక్కనాడు ముగ్గెయ్యకుంటే లచ్చిమి అలుగుతదనుకుంటివా? అల్లుణ్ణి పట్టిచ్చి కూసున్నవు!" అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చేది, జాలి కూడా వేసేది.

ఎన్నికలయ్యాక అందరితోపాటు బావనూ వదిలారు. ఆయన నేరుగా ఇంటికి రాలేదు. ముందు పుప్పాలగూడ వెళ్ళి, ఆ తర్వాత వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు, ఊపిరి కూడా మెరుగ్గా ఉంది. ఓనరమ్మ చూడటానికి వచ్చి అదే పాట ఎత్తుకుంది. బావ కూడా నవ్వి, "మా అత్తయ్యగారి చేతి మహిమ అండి అది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని ఖాజాగూడ చెరువు దాకా నడిచాడు. గట్టు మీద కూర్చున్నాక అన్నాడు.

"ఏమోయ్, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు మీ అక్కను వాళ్ళు బెదిరించారా?"

"అక్కనా? ముగ్గు వేసింది అమ్మ కదా."

"మీ అమ్మగారు చుక్కలు పెట్టి కలుపుతారు. మీ అక్క చుక్క పెట్టదు, ఒట్టి గీతలు లాగుతుంది. మలుపులో ఆగి చూశాను. అత్తయ్యగారి ముగ్గయితే అటునుంచి అటే వెళ్ళిపోయేవాణ్ణి. మీ అక్కది కాబట్టే వచ్చాను."

రెండు వాకిళ్ళ దూరం నుంచి అచ్చుతప్పు పట్టగలనని ఆఫీసులో నాకు పేరు. ఆ ముగ్గును నేను దాటుకుని వెళ్ళాను. అది ఎవరి చేయో చూడాలని తోచనే లేదు.

"జైల్లో అన్నాళ్ళూ ఇదే ఆలోచించాను," అన్నాడు బావ. "బెదిరిస్తే వేసి ఉంటుంది. ఏ తుపాకో చూపించి ఉంటారు. అలాగే కదూ?"

ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. అవునంటే చాలు, హాయిగా ఇంటికి వచ్చేస్తాడు. కానీ నేను వచ్చేసరికి ముగ్గు వేసేసి ఉంది. తెలియదన్నాను. కనుక్కుని చెప్పమన్నాడు.

అమ్మను పెరట్లోకి పిలిచి అడిగాను.

"అత్తగారు పొరపాటు చేసిందంటే అల్లుడు నవ్వుకుంటాడు," అంది. "పెళ్ళాం చేసిందంటే నవ్వగలడా? అందుకని నా మీద వేసుకున్నాను."

"బెదిరించారా అమ్మా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అది గిన్నె తీసుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకుంది. ఆ పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనకుండా పక్కకు జరిగాడురా, దారి ఇస్తూ."

ఆ ఆఖరి మాటే నన్ను పట్టుకుంది. ఇంట్లోవాళ్ళను కదలనివ్వకూడదని వచ్చిన పోలీసు, ఆమెకు దారి ఎందుకిచ్చాడు?

అక్క బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని అదే అడిగాను. ఆమె చేట కింద పెట్టింది.

"నేనే పిలిచాను కాబట్టి," అంది.

"పిలిచావా? ఎప్పుడు?" అన్నాను.

"రెండోసారి వచ్చినప్పుడు ఆ పెద్దాయనే, ఎక్కడున్నాడో తెలిస్తే స్టేషనుకొచ్చి చెప్పు, దెబ్బ పడనియ్యనన్నాడు. ముందురోజు గుడికని చెప్పి వెళ్ళాను చూడు, ఆ స్టేషనుకే. బండల్లోకి వెళ్తే పరిగెత్తుతాడు, పరిగెత్తితే కాలుస్తారు. అందుకని మా ఇంటికే రండి, నేనే రప్పిస్తాను, డాక్టరుకు చూపిస్తానని మాటివ్వండి అన్నాను. ఇచ్చాడు. ఒరేయ్, ఆయన పెదాలు నల్లబడటం నువ్వు చూశావా? నేను చూశాను. ఆ బండల మధ్య ఊపిరాడక పోతే నాకెవరు చెప్తారు?"

"బావ అడుగుతున్నాడు. ఏమని చెప్పను?"

"నువ్వెందుకు చెప్పడం?" అని లేచింది.

బావ అరుగు మీద గడ్డం గీసుకుంటున్నాడు. అక్క ఎదురుగా నిలబడి నాకు చెప్పిందంతా ఒక్క మాట తగ్గించకుండా, గొంతు తగ్గించకుండా చెప్పింది. వీధిలో ఓనరమ్మ గేదెకు గడ్డి వేస్తూ ఆగిపోయింది. అమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ చేతిలో రేజరు చెంప మీదే ఉండిపోయింది. సగం ముఖం నురగ.

"డాక్టరుకు చూపించారు," అన్నాడు. "మాట నిలబెట్టుకున్నాడు."

"తెలుసు. జైల్లో చూడటానికి వచ్చినప్పుడు, ములాకత్‌లో మీరే చెప్పారు."

"నాతోపాటు ఇంకొకడికి కూడా మాట తీసుకున్నావా?"

అక్క అర్థం కానట్టు చూసింది. బావ అప్పుడు చెప్పాడు. పుప్పాలగూడ మనిషిని జైలు నుంచి వదిలారు గానీ ఫ్యాక్టరీ వాళ్ళు తిరిగి తీసుకోలేదు. స్టేషనులో అతణ్ణి ప్రశ్నించినప్పుడు దెబ్బలు పడనియ్యనన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎడమచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. తను దొరికింది అత్తగారి పొరపాటు వల్లేననీ, ఆవిడ పెద్దమనిషి, ఏమీ అనుకోవద్దనీ నిన్ననే అతనికి నచ్చజెప్పి వచ్చానన్నాడు బావ.

"చీర మార్చుకో. వాళ్ళింటికి వెళ్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు చెప్పినట్టే చెప్పు."

అక్క కాదనలేదు. మిగతా సగం గడ్డం గీసుకుని బావ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మలుపు తిరిగి వెళ్ళిపోయారు. ఆపమని అమ్మ నావైపు చూసింది. నేను కదల్లేకపోయాను.

సాయంత్రానికి వచ్చారు. బావ అరుగు మీదే ఆగిపోయాడు. అక్క లోపలికి వచ్చి చెప్పులు విడవకుండా పీట మీద కూర్చుంది. అమ్మ మంచినీళ్ళిచ్చింది. తాగలేదు.

"ఏమన్నారే?"

"ఆయన ఏమీ అనలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ నాకు ఛాయ్ ఇచ్చింది. తాగేదాకా చూసి అడిగింది." అక్క ఆవిడ గొంతులోనే, ఆవిడ మాటల్లోనే చెప్పింది: "నీ మొగుడు బతికిండు, మంచిదే అక్కా. స్టేషనుకు పోతున్న అని ముందురోజు మాకొక్క మాట చెప్తే, మావోడు ఇంటికాడ ఉండకపోవు గదా?"

"నువ్వేమన్నావు?"

"మీరు గుర్తుకే రాలేదని చెప్పాను," అంది అక్క. "నిజం అదే కదే అమ్మా. ఆ రోజు నాకు ఆయన తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు."