పదమూడు రోజుల లెక్క

పోయిన ఏడాది ఈ పత్రికలోనే నా అరకు యాత్ర అచ్చయింది. దాని చివరి పేరాలో మేం బస చేసిన ఊరి పేరు రాసి, అక్కడ రాత్రి పడుకోవద్దని పాఠకులను హెచ్చరించాను. ఆ పేరా తప్పు. ఆ మాట మాకు గది ఇచ్చిన ఇంటివాళ్లకు ఎదురుగా నిలబడి చెప్పడానికే ఈసారి బయలుదేరాను.

ఎలా తప్పానో ముందు చెప్పాలి. నేను విశాఖ పోర్టులో లారీల తూకం దగ్గర గుమస్తాను. నా స్నేహితుడు సత్తార్‌ది వన్‌టౌన్, వెల్డర్. పశ్చిమ ఆఫ్రికాలో ఓడలు బాగుచేసే చోట రెండేళ్లు పనిచేసి వచ్చాడు. అతను తిరిగొచ్చిన ఎనిమిదో నెలలో ఇద్దరం అరకు వెళ్లాం. అక్కడ పడుకున్న రాత్రి నుంచి పదమూడో రోజున సత్తార్‌కు చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు, సాయంత్రం నాలుగింటికి. థర్మామీటరు పెట్టి గంట గంటకూ నేనే రాసుకున్నాను. రక్తం చూసి మలేరియా అన్నారు, మన దగ్గర మామూలుగా వచ్చే రకంలాగే ఉందన్నారు. దోమ కుట్టాక జ్వరం రావడానికి రెండు వారాలు పడుతుందని ఎక్కడో చదివాను. పదమూడు రోజులు, ఆ గదిలో దోమతెరకు నాలుగు చిల్లులు. లెక్క కుదిరిందనుకుని, ఆ రోజులన్నీ టేబుల్ వేసి వ్యాసంలో పెట్టాను.

మలేరియా విభాగం నుంచి వచ్చిన నర్సమ్మ సత్తార్‌ని, విదేశాలకేమైనా వెళ్లారా అని అడిగింది. సమాధానం నేనే చెప్పాను.

"ఆఫ్రికా నుంచి వచ్చి రెండు వందల నలభై రోజులు దాటిందమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

ఆమె నాతో వాదించలేదు. ఆ మాట కాగితం మీద రాసుకుని, నాలుగు చుక్కల రక్తం అట్టముక్క మీద ఆరబెట్టి పట్టుకెళ్లింది. సత్తార్ పద్నాలుగు రోజులు మాత్రలు మింగి లేచి తిరిగాడు. ఫలితం వచ్చేసరికి నా వ్యాసం అచ్చయిపోయింది. ల్యాబ్‌లో డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది: "సూక్ష్మదర్శినిలో మన మామూలు రకమూ, ఇదీ ఒకేలా కనిపిస్తాయండీ. జన్యువులు చదివితేనే తేడా తెలిసేది. ఇది ఒవేల్ అనే రకం. దీని జన్యువుల వరస పశ్చిమ ఆఫ్రికాలో దొరికేదానితో కలుస్తోంది, మన కొండల్లోది కాదు. మనిషి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి, అప్పుడు లేస్తుంది."

రోజులు నేను సరిగ్గానే లెక్కపెట్టాను. మొదలుపెట్టిన తేదీ తప్పు.

ఆ తర్వాత ఏడు నెలలు ఊరుకున్నాను. సవరణ రాద్దామని మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ లేచాను. అంత శ్రద్ధగా నన్ను చదివేవాళ్లు ఎవరున్నార్లే అని సర్దిచెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం ఆరుంపావుకల్లా స్టేషన్‌లో ఉన్నాను. కిరండూల్ వెళ్లే పాసింజరు ఆరూ నలభై అయిదుకు. వెళ్లేవాళ్లు సీటు ముందుగా తీసుకోండి, కొత్తవలసకే బోగీ నిండిపోతుంది. సత్తార్ ఇడ్లీ పొట్లాలతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటి బావా, ముఖం అలాగెట్టావ్? జొరం నాకొచ్చింది, నీరసం నీకొచ్చిందేటి?"

"అక్కడ ఏం చెప్పాలా అని చూస్తున్నాను."

"నాను సెప్తాన్లే. నువ్వు మల్లీ ఏలు మడిసి లెక్కెట్టకు, సాలు."

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. మా పక్కన మధురవాడ నుంచి వచ్చిన యువ దంపతులు కూర్చున్నారు, ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. రాత్రికి ఎక్కడ దిగుతారని మామూలుగా అడిగాను. హోటల్లో అన్నాడు అబ్బాయి. నేను వెళ్తున్న ఊరి పేరు తనే ఎత్తాడు.

"అక్కడ ఒకావిడ ఇంట్లో గదులిస్తారట అంకుల్, చవక కూడా. కానీ మలేరియా అట. రోజులతో సహా ఎవరో టేబుల్ వేసి రాశారు. మా ఆఫీసు గ్రూపులో అందరూ పంపుకున్నారు."

నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. సత్తార్ ఊరుకుంటేనా.

"రాసినాయన ఈయనే బాబూ. జొరమొచ్చినోడ్ని నాను. అది ఇక్కడిది కాదు, ఆఫ్రికా నుంచి నానే తెచ్చుకున్నాను."

అమ్మాయి కాళ్లు కొంచెం వెనక్కి తీసుకుంది. సత్తార్ నవ్వాడు. "ఇప్పుడు లేదమ్మా. ఉన్నా నన్ను పట్టుకుంటే అంటదు, దోమ కుట్టాలి."

"మరి అక్కడికి వెళ్లొచ్చా అంకుల్?" అని ఆమె నన్నడిగింది.

వెళ్లొచ్చని చెప్పాను. జన్యువుల సంగతి నాకు తెలిసినంత వివరించాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు. బొర్రా దగ్గర దిగుతూ, "చూద్దాంలెండి" అన్నాడు అబ్బాయి. నా టేబుల్‌ను నమ్మడానికి వాళ్లకు ఒక్క నిమిషం చాలింది. అది తప్పని నమ్మించడానికి అరగంట చాలలేదు.

పది యాభైకి అరకులో దిగాం. అక్కడి నుంచి ఆటోలో నలభై నిమిషాలు, చివరి రెండు కిలోమీటర్లు మట్టి రోడ్డు. చిలకమ్మ ఇంటి ముందు మిరియాలు ఎండబోసి ఉన్నాయి. గదులిచ్చేది ఈమే. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"లెక్కల బాబువి కదా నువ్వు? టార్చి ఏసుకుని దోమతెరంతా ఎతికావు."

కాఫీ ఇచ్చింది. నిరుడు వచ్చినప్పుడు రెండు గదులూ మనుషులతో నిండి ఉన్నాయి. ఇప్పుడు మొదటి గదిలో అల్లం బస్తాలున్నాయి. రెండో దానికి గొళ్లెం పెట్టి ఉంది. ఆమె భర్త ధర్మన్న కనిపించలేదు. అడిగితే, "మీ ఊరేపే ఎల్లాడు. పరవాడలో బొగ్గు పని. గదులకి మనుసులు రాకపోతే ఇక్కడేటి సేత్తాడు?" అంది.

నేను లేచి నిలబడి మొత్తం చెప్పాను. వ్యాసం, టేబుల్, నర్సమ్మకు నేనిచ్చిన జవాబు, ల్యాబ్ మాట, ఏడు నెలలు ఊరుకోవడం. చివర్న ఆమె సత్తార్ వైపు తిరిగింది.

"అయితే ఆ పురుగు నీ వొంట్లో ఓడెక్కి వచ్చిందా?"

"ఇమానం ఎక్కి వచ్చిందమ్మా. టిక్కెట్టు నాకే కొన్నారు, అది ఊరికే వచ్చీసింది."

ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసి అడిగింది: "మరి ఆ రాత్రి మా దోమ నిన్ను కుట్టి ఉంటే? నీ పురుగు మాకొచ్చును కదా?"

జ్వరం ఆ ఊళ్లోంచి మాకు వచ్చిందనే తప్ప, మేం అక్కడికి తీసుకెళ్లి ఉండొచ్చని ఏడాదిలో ఒక్కసారీ నాకు తోచలేదు. అక్కడే నిలబడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. క్రిమి కాలేయంలో నిద్రపోతున్నంతకాలం దోమకు అందదని, ఆ రాత్రికి భయం లేదని ఆమె చెప్పింది. అదే చిలకమ్మకు చెప్పాను.

"అవున్లే. మందు కొట్టేవోలు రెండుసార్లొచ్చి మా అందరి రగతం తీసారు. ఒక్కరికీ లేదన్నారు. ఆ మాట ఎవులూ అచ్చెయ్యలేదు."

"నేను వేయిస్తానమ్మా, ఊరి పేరుతో సహా," అన్నాను.

"వొద్దు బాబూ. మా ఊరి పేరు పక్కన జొరం అన్న మాట మల్లీ కనపడొద్దు. లేదని రాసినా, సదివినోలికి జొరమే గుర్తుంటాది."

అందుకే ఇందులో ఊరి పేరు లేదు. తప్పును పేరుతో రాయగలిగాను, సవరణను రాయలేకపోతున్నాను.

సత్తార్ తన ఇంటివాళ్లను, మొత్తం ఏడుగురిని, వచ్చే నెల తీసుకొస్తానన్నాడు. "నువ్వొత్తే సాలదు బాబూ, నీకు సంగతి తెలుసు. తెలీనోలు రావాలి," అందామె. గొళ్లెం తీసి రెండో గదిలోకి వెళ్లింది. మడతపెట్టిన దోమతెర తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మా ఆయనకిచ్చీగలవా? రేకుల సెడ్డులో పడుకుంటన్నాడు. మీ ఊరి దోమలు తినేత్తన్నాయంట."

ఇస్తానన్నాను. చిన్న పనైనా దొరికిందని మనసు కొంచెం తేలికైంది.

తిరుగు బండి అరకులో మధ్యాహ్నం దాటాక. ఆ రోజు యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సత్తార్ నిద్రపోయాడు. నేను దోమతెర ఒళ్లో పెట్టుకుని మడత విప్పాను. నిరుడు చూసిన నాలుగు చిల్లుల కోసం వెతికాను. నాలుగూ ఉన్నాయి. వేలితో తడిమితే ఒక్కటీ చిల్లు కాదు. సన్నని నల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్టినవి, మొదటిదానికే ఇరవై రెండు కుట్లు. దారం పాతది, ఎన్నో ఉతుకులకు వెలిసింది. నిరుడూ అక్కడే ఉండి ఉంటుంది. నేను టార్చి వెలుగులో నల్లగా కనిపించినవి లెక్కపెట్టాను కానీ ముట్టుకుని చూడలేదు.

మర్నాడు ఆదివారం గాజువాకలో మా ఇంటి నుంచి బస్సులో పరవాడ వెళ్లాను. ధర్మన్న షెడ్డు బయటకు వచ్చాడు, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నేనెవరో గుర్తుచేసి, ఏం రాశానో చెప్పాను. తలూపాడు, కోపమేమీ చూపలేదు. దోమతెర విప్పి, అంచులు పట్టి, కుట్లున్న చోటు చూసుకున్నాడు.

"ఇది రెండో గదిది కదా బాబూ?"

"అవును. ఆవిడే తీసి ఇచ్చింది."

"దసరాకి వచ్చేత్తాను, ఆ గదైనా తెరిసుంచు అని సెప్పాను." మడత మళ్లీ పెట్టసాగాడు, నాలుగు మూలలూ కలిపి, జాగ్రత్తగా. "ఇది కూడా పంపీసిందంటే, ఇంక నన్నిక్కడే ఉండమంటంది."

అరకు నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ఆ మాటను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే. గాజువాకకు తిరుగు బస్సు పదీ ఇరవైకి వచ్చింది, సీటు దొరికింది.