ఎర్రదారం కుట్టు

మల్లీశ్వరికి ఏ బట్ట కనబడ్డా అంచును రెండు వేళ్ల నడుమ నలిపి చూసే అలవాటు. బస్సులో పక్కామె కొంగును కూడా వదలదు. ఆలేరు దగ్గర కొత్తగా తెరిచిన మ్యూజియంలో ఆ వేళ్లు అద్దానికి తగిలి ఆగిపోయాయి. లోపల నల్లగొంగడి. మూలన నిప్పురవ్వ పడి కాలిన చోట, చిన్నప్పుడు తను ఎర్రదారంతో వేసిన వంకర కుట్టు.

బాపు పోయిననాడు ఆడవాళ్లంతా ఇంటి దగ్గరే ఆగిపోయారు. "బాపు మీద గొంగడి కప్పే మన్ను వోసినం అక్కా" అని తమ్ముడు పరమేష్ బొందలగడ్డ నుంచి వచ్చి చెప్పాడు. ఆ మాట నమ్ముకునే ఆమె ఇన్ని చలికాలాలు నిమ్మళంగా నిద్రపోయింది.

ఇప్పుడు వెనకనే నిలబడ్డ పరమేష్ మెల్లగా గొణిగాడు. "అమ్మిన గొంగడి తిరిగి తిరిగి గీడికే వస్తదని నాకేమెరుక?"

ఆమె అద్దం మీంచి వేళ్లు తీయలేదు.

"మరి బాపుకు ఏం కప్పినవ్‌రా?"