మూడు ఎర్రనీళ్ల లెక్క

పక్కింటి అమ్మాయి మొన్న కువైట్ నుంచి సెలవు మీద వచ్చి పెట్టె విప్పగానే, సబ్బూ పౌడరూ అత్తరూ కొత్త దుప్పటీ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. పప్పులో పోపు వేస్తున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా పదకొండో ఏట అమ్మంటే నాకు తను పంపే బట్టల్లోని ఆ వాసనా, ఒక గొంతూ, అంతే.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. రెండువేల సంవత్సరం దాటిన రెండో ఏడో మూడో ఏడో, అమ్మ రెండేళ్ల ఒప్పందం మీద ఎవరింట్లోనో వంటపనికి కువైట్ వెళ్లింది. యానాం ఫరంపేటలో, ఏటికీ గట్టుకీ మధ్యనున్న తాటాకింట్లో, నేనూ అమ్మమ్మా మిగిలాం. శుక్రవారం సాయంత్రాలు అమ్మ ఎదురింటి మేరీ అత్తగారి ఫోనుకి చేసేది గానీ, కార్డు అయిపోయేలోపు దొరికే నాలుగు మాటలూ అమ్మమ్మకే చాలేవి కావు. అందుకని ఊరొచ్చే వాళ్లతో కేసెట్లో మాటలు నింపి పంపేది. గల్ఫు వెళ్లినవాళ్ల ఇళ్లలో అప్పుడు ఉత్తరాలకన్నా అవే ఎక్కువ. కొత్త కేసెట్టు దొరక్కపోతే పాత పాటల కేసెట్టు మీదే మాట్లాడేవారు. మాట పడినంత మేరా పాట చెరిగిపోయేది, మాట ఆగిన చోట మిగిలిన పాట మధ్యలోంచి అందుకునేది.

మాకు వచ్చినవి రెండు కేసెట్లు. మా టేపురికార్డరు మీద చిన్న కిటికీలో మూడంకెలు తిరుగుతుండేవి. రెండో కేసెట్టులో అమ్మ సున్నా దగ్గర మొదలై నూట ఎనభై ఆరు దగ్గర ఆగిపోయేది. ఇరవై రెండు దగ్గర తలకి నూనె రాసుకోమనేది, తొంభై దగ్గర అమ్మమ్మని విసిగించొద్దనేది, నూట నలభై దగ్గర తను పంపిన ఎర్ర గౌను చవితికి వేసుకోమనేది. బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ భుజాన ఉండగానే ఆ మీట నొక్కి, చల్లటి మట్టి అరుగు మీద చెంప ఆనించి పడుకుని వినేదాన్ని. ఆ గొంతుకి నేను బదులు చెప్పినా వినేవాళ్లు లేరు గనక, అంకెలే చూసేదాన్ని. నూట ఎనభై ఏడు దగ్గర ఎవరో ఒకాయన బొంగురు గొంతుతో ఎత్తుకునేవాడు:

మూడు ఎర్రనీళ్లు పోయి ఏరు తేటపడ్డ నాడు
నీ గడప తొక్కుతాను, చిన్నీ, ఏడవకే

ఇంట్లో నన్ను పిలిచేది చిన్నీ అనే. పాట మొదలయ్యేది అమ్మ మాట ఆగిన మరుక్షణమే. పైగా ఎర్రనీళ్లంటే మా గోదారి వరదే కదా. మూడు ఆధారాలు. నోటితో చెబితే తనకి ఏడుపొస్తుందని అమ్మ ఈ మాట పాట చేత చెప్పించిందని తేల్చుకున్నాను. ఎవరితోనూ అనలేదు. లెక్క చూడటం నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగినా ఇవాళ రొయ్యల చెరువుల మేత లెక్కలు చూసి బతుకుతున్నాను. నా అంతట నేను కట్టిన మొదటి లెక్క మాత్రం అదే.

మా రేవుకి పదిహేడు మెట్లు. కిందినుంచి పదకొండో మెట్టు మునిగితేనే వరద కింద జమ అని నియమం పెట్టుకున్నాను. ఆషాఢంలో మొదటిది వచ్చింది. తేటగా ఉన్న ఏరు రాత్రికి రాత్రే ఇటుక పొడి కలిపినట్టు ఎర్రబడింది. గుర్రపుడెక్కా విరిగిన కొమ్మలూ ఎక్కడివో కొట్టుకొస్తుంటే, మెట్ల మీద పచ్చి మట్టి వాసనా, గట్టు అవతలి మేడల్లోంచి పులస పులుసు వాసనా కలిసి వీచేవి. శ్రావణంలో రెండోది. ఆ తర్వాత ఏరు తొమ్మిదో మెట్టు దాకా వచ్చి, మూడు రోజులు అక్కడే నిలిచి, వెనక్కి పోయింది. మిగతా పిల్లలు ఆ నీళ్లలో కాగితప్పడవలు వదులుతుంటే నేను మెట్ల దగ్గర కూర్చుని నీటి మట్టం చూసేదాన్ని.

వినాయక చవితి నాడు ఉండ్రాళ్ల ముందు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంటే అమ్మమ్మ విన్నది.

"ఏటే గొణుగుతున్నావ్?"

"ఇంకో వరద రావాలని."

"నీ నోరు పడిపోను! ఇంకో వరదొత్తే ఎక్కడుంటామే? చెట్టెక్కి కూచుంటామా?"

నిమజ్జనం అయిన నాలుగో రోజున వచ్చింది. ఈసారి పదిహేడు మెట్లూ మునిగి, మధ్యాహ్నానికి నీళ్లు వాకిట్లోకి వచ్చాయి. అందరినీ గట్టు అవతలి బడికి పొమ్మన్నారు. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే నాకు లోపల పండగలా ఉంది. అమ్మమ్మ బియ్యం మూట నెత్తికెత్తుకుంటూ, నాకు ఒక్క పని చెప్పింది.

"టేపురికార్డరూ కేసెట్లూ అటకెక్కించావా?"

"ఆ, ఎక్కించాను."

ఎక్కించలేదు. మనిషే వస్తుంటే గొంతు దేనికి? అమ్మ వచ్చిన రోజు వేసుకోవాలని దాచిన ఎర్ర గౌను మాత్రం మడతపెట్టి అటక మీద పెట్టాను.

మూడో రోజు తిరిగి వచ్చేసరికి గోడల మీద నా నడుమెత్తున మట్టి గీత. టేపురికార్డరూ కేసెట్లూ మంచం కింద బురదలో ఉన్నాయి. అమ్మమ్మ వాటిని చూసి, అటక మీద పొడిగా ఉన్న గౌనుని చూసి, నన్ను చూసింది. కేసెట్లు విప్పి, ఆ గోధుమరంగు రీళ్లు కడిగి దండెం మీద ఆరేసింది. తర్వాత మేరీ అత్తగారింట్లో పెట్టి చూస్తే నీళ్లలో బుడగల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. నేను ఏడవలేదు. నాకు లెక్క పూర్తయింది.

ఏరు తేటపడటానికి ఇరవై రెండు రోజులు పట్టింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఎర్ర గౌను వేసుకుని బస్టాండులో నిలబడి కాకినాడ బస్సులు చూశాను. తొమ్మిది రోజుల్లో ముప్ఫై ఆరు బస్సులు. దిగిన వాళ్లలో అమ్మ లేదు. పదో రోజు శుక్రవారం, బస్టాండు మాని మేరీ అత్తగారింట్లో కూర్చున్నాను. ఫోను మోగితే అమ్మమ్మ కన్నా ముందు నేనే లాక్కున్నాను.

"ఎప్పుడొత్తన్నావమ్మా? ఏరు తేటపడింది."

"ఏరేంటే?"

"కేసెట్లో పాట పెట్టావుగా. మూడు ఎర్రనీళ్లు పోయాక వత్తానని."

"ఏ పాటే? అది నాతో ఉండే పిల్ల కేసెట్టు. అందులో ఏముందో నేను వినే లేదు."

అమ్మ మళ్లీ అంది, "ఏదీ, పాడు."

మేరీ అత్తగారి ముందు గదిలో, అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తుండగా, ఆ రెండు పంక్తులూ పాడాను. అవతల చప్పుడు లేదు. గోడ గడియారం సెకన్ల ముల్లు పద్నాలుగు గీతలు దాటింది. తర్వాత కార్డు అయిపోయింది.

అమ్మ ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగించుకుని, నా పద్నాలుగో ఏట వచ్చింది. ఆ ఏడు పదకొండో మెట్టు ఒక్కసారి కూడా మునగలేదు.

ఇప్పుడా మెట్లు లేవు, కొత్త గట్టు కింద పూడిపోయాయి. మేరీ అత్తగారిల్లు బండ్ల షెడ్డయింది. అమ్మమ్మ, ఆ రోజు అటక మీద చూసింది ఎవరికీ చెప్పకుండానే పోయింది. పక్కింటి అమ్మాయి కూతురికి తల్లి మొహం రోజూ సెల్‌ఫోనులో కనబడుతుంది. సిగ్నలు పోయినప్పుడు ఆ పిల్ల ఏమనుకుంటుందో నాకు తెలియదు.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న ఆ వాసన వచ్చిన సాయంత్రం, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పాను, కేసెట్లు వరదకి పోలేదనీ, నేనే కింద వదిలేశాననీ, అమ్మమ్మతో అబద్ధం ఆడాననీ.

"పోన్లే," అంది కాయల మీంచి కళ్లెత్తకుండానే. "ఏడుపే కదే అందులో ఉంది."

"ఏడుపు లేదమ్మా. నాకు ప్రతి మాటా గుర్తే."

"ఎలా వినబడతాదే? ఏడుపొచ్చినప్పుడల్లా టేపు ఆపేసేదాన్ని. తగ్గాక మళ్లీ మీట నొక్కేదాన్ని."

ఎన్నిసార్లు ఆపావని అడిగాను.

"లెక్కెట్టుకోలేదే," అంది.