నాలుగో సత్తెమ్మ

మొన్న పత్తర్‌గట్టిలో లక్క గాజులు బేరం చేస్తూ ఒక దుకాణం మెట్ల మీద నిలబడి ఉంటే, భుజాన నెమలి ఈకల కట్ట, చేతిలో నిప్పుల ధూపదాని పెట్టుకుని ఒక ముసలి ఫకీరు దుకాణం దుకాణానికీ లోబాన్ పొగ వేసుకుంటూ వచ్చాడు. పొద్దున తలుపులు తెరవగానే బేరాలు బాగా సాగాలని వాళ్లు అలా పొగ వేయించుకుంటారు, అందులో వింతేమీ లేదు. కానీ ఆ తెల్లటి పొగ నా ముఖానికి తగిలిందో లేదో, నా చేయి దానంతట అదే కొంగు వెతుక్కుని నోటికి అడ్డం పెట్టేసుకుంది. గాజుల షాపాయన జాలిగా చూసి, "క్యా అమ్మా, దమ్మా హై క్యా ఆప్‌కూ?" అని అడిగాడు. ఆయాసమూ లేదు, ఉబ్బసమూ లేదు, ఏమని చెప్పను? ఈ వాసన వచ్చినప్పుడు నన్నెవరైనా పేరు పెట్టి పిలిస్తే నేను పలకకూడదు, అందుకని నోరు మూసుకున్నానని చెబితే ఆయన నన్ను పిచ్చిదాన్ని అనుకోడూ?

చిన్నప్పుడు మేం లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడి వెనక గల్లీలో, రెండు గదులూ ఒక వాకిలీ పైన ఒక మిద్దే ఉన్న కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. బాపు బస్సు డిపోలో ఫిట్టరు. సాయంత్రం ఆయన గల్లీ మొదట్లో ఉండగానే గ్రీజు వాసన, దాని వెనకే ఇరానీ హోటల్లో కట్టించుకొచ్చిన బిస్కెట్ల వాసన వచ్చేవి. గల్లీ ఎంత సన్నమంటే ఎదురింటివాళ్లు పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. వానాకాలం చివర గోడలన్నీ చెమ్మగిల్లి, నాచు పట్టి, మిద్దె మెట్లు జారుడుబల్లల్లా ఉండేవి. అచ్చంగిల్లలాడటానికి గులకరాళ్లు, తొక్కుడుబిళ్లకు పెంకు ముక్కలు, వేసవిలో గోడ మీద ఆరేసిన సల్ల మిరపకాయలు దొంగతనంగా నోట్లో వేసుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఇవన్నీ అందరి బాల్యాల్లాగే నాకూ ఉన్నాయి. అందరికీ ఉండి నాకు లేనిది ఒకటే. మా ఇంట్లో నా పేరు ఎవరూ పలికేవారు కాదు.

నా పేరు సత్తెమ్మ. అది మా నాయనమ్మ పేరు. నేను పుట్టడానికి కొద్దిరోజుల ముందే ఆమె పోయింది, ఆమే తిరిగొచ్చిందని నాకు ఆ పేరు పెట్టారు. కన్నతల్లి పేరున్న పిల్లను పేరుతో ఎలా పిలుస్తానని బాపు నన్ను "అమ్మా" అనేవాడు. పక్క గల్లీలో ఉండే మా మేనత్త అంజమ్మ మరీ విడ్డూరం. నేను పరికిణీ ఎత్తిపట్టుకుని గెంతుతూ ఎదురెళితే, "మా అవ్వ వచ్చింది" అని నా గడ్డం పట్టుకుని కళ్లొత్తుకునేది. అటుకుల చుడువ చేస్తే మొదటి దోసెడు నాకే. "మా అవ్వకు చుడువంటే పానం" అనేది. నాకు చుడువంటే అంత ఇష్టం లేదు, పల్లీలు ఏరుకుని మిగతాది కోళ్లకు వేసేదాన్ని. అయినా ఆమె వినిపించుకునే రకం కాదు.

ఇక అమ్మ. కోడలు అత్త పేరు నోటితో అనకూడదు. అనడమేమిటి, సత్యనారాయణ వ్రతాన్ని కూడా అమ్మ "సామి నోము" అనేది. అలాంటి మనిషి పొద్దున లేస్తే నన్ను ఆ పేరుతో ఎలా పిలుస్తుంది? "పొల్లా" అనేది. పొల్లా, జడ ఏస్తా రా. పొల్లా, నల్లా వచ్చింది, బిందె పెట్టు. పొల్ల అంటే పిల్ల, అంతే. గల్లీలో ప్రతి తల్లీ ప్రతి ఆడపిల్లనూ కోపమొచ్చినప్పుడు అనే మాటే. వాళ్లకు కోపం తగ్గాక పేర్లుండేవి, నాకు అదీ లేదు.

సర్కారు బడిలో చేర్చినరోజు హెడ్‌మాస్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూస్తూ, "పిల్ల పేరేందమ్మా?" అని అడిగింది. అమ్మ నేల చూపులు చూసింది. "కన్నతల్లివి, బిడ్డ పేరు తెల్వదా?" అని ఆమె నవ్వితే, వెనకాల వరసలో నిలబడ్డ ఆడవాళ్లూ నవ్వారు. అమ్మ నా వీపులో వేలితో పొడిచి, "నువ్వే చెప్పు పొల్లా" అంది. నాకెంత రోషం వచ్చిందంటే, బడి మొత్తం దద్దరిల్లేలా "సత్తెమ్మ!" అని అరిచాను. అమ్మ ఎవరో తిట్టినట్టు తల వంచుకుని కొంగు ముందుకు లాక్కుంది. ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అమ్మ నోటి నుంచి నా పేరు వినాలి. నిద్రపోయినట్టు నటించాను, మంచం కింద దాక్కున్నాను, తప్పిపోయినట్టు గుడి వెనక కూర్చున్నాను. గల్లీ అంతా వెతుకుతూ కూడా ఆమె "పొల్లా! ఓ పొల్లా!" అనే అరిచింది. ఆ అరుపుకు ఊళ్లో పిల్లలందరూ తిరిగి చూశారు.

బడిలో చరిత్ర పాఠం మొదలయ్యాక నాకు కొంచెం ఊరట కలిగింది. రాజులకూ నవాబులకూ పేర్ల కరువేమో, తాత పేరే మనవడికి, మొదటివాడు, రెండవవాడు, మూడవవాడు అని లెక్క. పాపం ఒకడు కోట కడతాడు, ఒకడు పోగొడతాడు, ఒకడు ఊరికే పోతాడు. పరీక్షలో మాత్రం మనం కలిపేస్తే మార్కులు పోతాయి. అంజమ్మత్తను అడిగితే మా ఇంట్లోనూ ఆ లెక్క ఉందని తేలింది. మొదటి సత్తెమ్మ మూసీ ఒడ్డున ఉండేదట. వరదొచ్చిన రోజు తన చీర కొసను మిద్దె స్తంభానికి కట్టి, కొట్టుకొస్తున్న పిల్లలను ఒక్కొక్కరినే లాగి, చివరికి చీరతోపాటే తనూ వెళ్లిపోయిందట. రెండో సత్తెమ్మ గడబిడ రోజుల్లో గాజులమ్మే ఒక తురక కుటుంబాన్ని తన జొన్నల గదిలో దాచి, కత్తులతో వచ్చినవాళ్లకు ఎదురుగా గడప మీద కూర్చుని తాపీగా పేలు చూసుకుందట. మూడో సత్తెమ్మ మా నాయనమ్మ. చేయి పట్టకుండా నెత్తిన బోనం నిలబెట్టి గుడిదాకా నడిచేదట, ఆమె వస్తుంటే గల్లీలో కుక్కలు కూడా పక్కకు జరిగేవట. "నాలుగోదానివి నువ్వు" అనేది అత్త, ఏదో గద్దె నా కోసం ఖాళీగా ఉన్నట్టు. అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు చరిచేది. నాయనమ్మ మాట వచ్చినప్పుడల్లా ఆ చరుపు కొంచెం గట్టిగా వినపడేది.

పెత్తరమాస నాడు మా ఇంట్లో పొద్దుటి నుంచీ పెద్దలకు వంట. మినప గారెలు, గుమ్మడికాయ కూర, తలకాయ కూర, బెల్లం పాయసం, పక్కన సీసాలో కల్లు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కనుక వాకిట్లో నేను ముందురోజు తెచ్చిన తంగేడు, గునుగు, బంతి పువ్వులను విడదీస్తూ కూర్చునేదాన్ని, వేళ్లన్నీ పసుపు. మధ్యాహ్నం బాపు స్నానం చేసి, మిద్దె మీద విస్తరి పరిచి, నిప్పుల మీద ఊదు, అదే లోబాన్, వేసి, పోయినవాళ్లను పిలిచేవాడు. ఆ ఒక్కరోజు వరసలతో పిలవకూడదని మా ఇంటి పద్ధతి. "అవ్వా, రా" అంటే ఏ మిద్దె మీద ఎవరి అవ్వ దిగుతుందో తెలియదు కదా, అందుకని పేరు పెట్టే పిలవాలి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. అంతకుముందు ఏళ్లలో ఆ వేళకు నన్ను నిద్రపుచ్చేవారట.

ఆ ఏడు నిద్రపోలేదు. వాకిట్లో పువ్వుల మధ్య ఉన్నాను, పొగ మెట్ల మీదుగా కిందికి పాకుతోంది. పైనుంచి బాపు గొంతు, ఎంతో ప్రేమగా, "సత్తెమ్మా! రా, వచ్చి తినిపో" అంది.

బాపు నన్ను పేరు పెట్టి పిలిచాడు! నా సంతోషం ఏమని చెప్పను. ఒళ్లోని పువ్వులన్నీ నేలపాలు చేసి, "వస్తున్న బాపూ!" అని గావుకేక పెట్టి, జారే మెట్లన్నీ ఎగబాకి, ఎవరూ అడ్డం పడేలోపే విస్తరి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని గారె తీసి కొరికాను. వేడిగా, కరకరలాడుతూ ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తే. తలెత్తి చూస్తే బాపు ముఖంలో నెత్తురు లేదు. మెట్ల దగ్గర అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. అంజమ్మత్త గుండెలు బాదుకుంది. "అయ్యో, సచ్చినోళ్లను పిలిస్తె పొల్ల పలికె గదరా! ఒక్కపారి పలికినోళ్లను గాళ్లు మరువరు. మల్ల మల్ల పిలుస్తరు" అంది. నా నోట్లో గారె అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే నాకు జ్వరం వచ్చింది. గల్లీలో బతుకమ్మ చుట్టూ చప్పట్లు వినబడుతుంటే, నాకవి మిద్దె మీద ఎవరో నడుస్తున్న చప్పుడులా ఉండేవి. కళ్లు మూస్తే తడిచీర నీళ్లోడుతూ ఒకామె, గడప మీద కూర్చుని పేలు చూసుకుంటూ ఒకామె, నెత్తిన దీపంతో ఒకామె. ముగ్గురూ నన్ను పేరు పెట్టే పిలిచేవాళ్లు. ఇంట్లోవాళ్లు పిలవని పేరుతో వాళ్లు ఎంత చనువుగా పిలిచేవాళ్లో! పలకాలనిపించేది. బాపు డాక్టరుతో సూదులు వేయించాడు, హుస్సేనీ ఆలంలో దువా చదివి నీళ్ల మీద ఊది ఇచ్చే ముసలాయన దగ్గరికీ ఎత్తుకెళ్లాడు. జ్వరం దిగలేదు. ఆఖరికి అత్త తేల్చేసింది. "ఓ ఈశ్వరమ్మా, కన్నతల్లివి నువ్వు పేరు పెట్టి పిలిస్తెనే మల్లుతది. గడపల నిలబడి పిలువు" అంది. అమ్మ "నాతోని గాదు వదినె" అంది. "పొల్ల కన్న నీకు పట్టింపు ఎక్కువాయెనా?" అని అత్త లొల్లి పెట్టుకుంది. పక్కగదిలో పడుకుని నేను ఆ లొల్లంతా విన్నాను. జ్వరం సంగతి దేవుడెరుగు, అమ్మ నన్ను పిలవబోతోందా లేదా అన్నదే నా ఆరాటం.

తొమ్మిదోనాడు, సద్దుల బతుకమ్మ సాయంత్రం, గల్లీ ఆడవాళ్లందరూ బతుకమ్మలెత్తుకుని వెళ్లిపోయాక, ఇల్లు నిశ్శబ్దమయ్యాక, అమ్మ గడపలో నిలబడింది. జుట్టు ముడి వేసుకోలేదు, చేతులకు పసుపు. నా వైపు వీపు, చీకటి పడుతున్న వాకిలి వైపు ముఖం. "సత్తెమ్మా!" అంది.

ఇన్నేళ్ల నా ఆశ. ఎండిపోయిన నోరు తెరిచి "ఆఁ" అనబోయాను.

"ఓ సత్తెమ్మా, ఇంటున్నవా? నీ కాళ్లు మొక్కుత అత్తా. ఉన్నన్ని దినాలు సతాయించినవ్, ఎదురు మాట అనలె. నా పొల్ల తెల్వక తిన్నది, తెల్వక పలికింది. దాన్ని ఇడిసిపెట్టు. నీ పేరు నీకే ఇస్తున్న, తీస్కపో. పొల్లను మాత్రం నీకియ్య!"

నా "ఆఁ" గొంతులోనే ఆగిపోయింది. అమ్మ పిలిచింది నన్ను కాదు. వాకిట్లో ఎవరూ లేరు, అయినా అమ్మ ఎవరి కళ్లలోకో చూస్తున్నట్టు చాలాసేపు అలాగే నిలబడి, తర్వాత తలుపు గొళ్లెం పెట్టి, లెంపలు వేసుకుని, నా పక్కన వచ్చి పడుకుంది. చెంప మీద చేయి వేసి "పొల్లా" అంది. నేను ఏడ్చాను. మర్నాటికి జ్వరం జారింది. సూదుల మహిమ అన్నాడు డాక్టరు, తన దువా అన్నాడు ముసలాయన, తన ఉపాయం అంది అత్త. అమ్మ మాత్రం మళ్లీ జన్మలో ఆ పేరు పలకలేదు.

నేను పెద్దదాన్నై, ఆఫీసులో టైపిస్టునై, "సత్య మేడం"నయ్యాను. వరదలో పిల్లలను లాగలేదు, గడప మీద కూర్చుని ఎవరినీ ఆపలేదు, నాలుగో గద్దె ఖాళీగానే ఉంది. రెండేళ్ల కిందట అమ్మ చివరిసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు వచ్చి, తోడున్నవాళ్ల పేరేమిటని అడిగింది. అమ్మ కళ్లు తెరవకుండానే, "మా పొల్ల" అంది. నర్సు నా నెరిసిన జుట్టు వైపు చూసి నవ్వు ఆపుకుంది. పేరు నేనే చెప్పాను, బడిలో చెప్పినట్టే, కాకపోతే ఈసారి మెల్లగా.

ఇప్పుడా ఇల్లు లేదు. అదే చోట లేచిన అపార్టుమెంటులో, ఆ జ్వరం తర్వాత పుట్టిన మా తమ్ముడుంటాడు. జారే మెట్లు లేవు, లిఫ్టు ఉంది. గునుగు పువ్వులు కవర్లలో కొనుక్కొస్తారు. అంజమ్మత్త లేదు, పొల్లా అనేవాళ్లూ లేరు. తమ్ముడి కోడలు తన అత్తను ముఖం మీదే పేరు పెట్టి పిలుస్తుంది, నాకు ముచ్చటగానే ఉంటుంది. పెత్తరమాస మాత్రం మిగిలింది. నీళ్ల ట్యాంకుల మధ్య విస్తరి పరిచి, ఊదు వేసి, తమ్ముడు ముందు సత్తెమ్మను పిలుస్తాడు, ఒక్క పిలుపుకే ముగ్గురూ. అప్పుడు నేను కొంగు నోట్లో కుక్కుకుంటాను. చదువుకున్నదాన్నే, అయినా నాలుక కదులుతుంది. వాళ్లకు నా గొంతు తెలుసు.

ఇంకెన్నాళ్లులే. నేను పోయాక కూడా అక్కడ నిలబడి ఎవరో ఒకరు "సత్తెమ్మా" అంటారు, మేం నలుగురం వింటాం. ఆ ముగ్గురూ విస్తరి వైపు నడుస్తారు. నేను కదలను, ఆ పేరు అమ్మ ఎప్పుడో వాళ్లకు ఇచ్చేసింది. వెనక ఎక్కడో ఆమె నిలబడి ఉంటుంది. అత్త ఎదురుగా ఉండగా అత్త పేరు అక్కడ మాత్రం ఎలా అంటుంది? "పొల్లా, నువ్విటు రా" అంటుంది. అప్పుడు కొంగు తీసి పలుకుతాను.