మామ ముట్టొద్దన్న ఫైల్

కంప్యూటర్ నెమ్మదిస్తే నాకు మనుషుల మీద వచ్చేంత కోపం వస్తుంది. మౌస్‌ను బల్లకేసి కొట్టిన రోజులున్నాయి. మిర్యాలగూడలో మా ఫోటో స్టూడియోకు వచ్చే పాత గిరాకీలందరికీ ఈ సంగతి తెలుసు. "ఏందన్నా, ఇయ్యాల గూడ తిరుగుతనే ఉందా?" అని గుమ్మంలోంచే అడిగేవారు.

తిరిగేది తెర మీది చక్రం. పెళ్లి ఆల్బంలు బాగానే నడిచేవి. గోసంతా ఒక్క ఫైల్‌తోనే. పోయినవాళ్ల దినాలకు దండ వేసి పెట్టే ఫోటోలన్నీ మా మేనమామ ఆ ఒక్క ఫైల్లోనే చేసేవాడు. తెల్ల చొక్కాలు, పట్టుచీరలు, వెనక నీలం తెర, అన్నీ అందులో కనబడేలా పరిచి సిద్ధంగా ఉంటాయి. మనిషి ముఖాన్ని తెచ్చి ఒక కొత్త లేయర్‌గా, గాజుపలక మీద ఇంకో గాజుపలక పెట్టినట్టు, పైన పెట్టడమే. లేయర్ పక్కనున్న కన్ను బొమ్మను నొక్కితే ఆ ముఖం తెర మీద కనబడకుండా పోతుంది. బరువు మాత్రం ఫైల్లోనే ఉంటుంది. అలా కనబడకుండా చేసినవి, లేయర్ల జాబితాను కిందికి జరుపుతుంటే వస్తూనే ఉండేవి.

కళ్లలో శుక్లాలు వచ్చాక మామ స్టూడియో నాకప్పగించి కోదాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఒక్కటే చెప్పాడు. "అన్నీ నీ ఇష్టం అల్లుడా. ఆ ఫైల్ల దాసిపెట్టినయి మాత్రం ముట్టకు."

పోయినవాళ్ల ముఖాలు చెరపడానికి ముసలాయనకు చేతులు రావడం లేదనుకున్నాను. ఒక్కదాన్ని కూడా తెరిచి చూడలేదు. తెరిస్తే మళ్లీ చక్రం తిరుగుతుందని భయం.

ర్యామ్ పెంచాను. పెంచిందంతా ఆ ఫైలే మింగేసింది. మొన్న ఒకరోజు పొద్దున మేళ్లచెరువు నుంచి వచ్చిన ఫోటో చేస్తుంటే మూడుసార్లు బిగుసుకుపోయింది. మెమరీ వాడకం తొంభై ఆరు శాతం చూపిస్తోంది. ఇక తిక్క రేగి, ఫోన్లో ఒక వీడియో పెట్టుకుని అందులో చెప్పినట్టే చేశాను. దాచిన లేయర్లన్నీ ఒక్క దెబ్బతో తీసేసే ఆదేశం ఒకటి ఉందట. నొక్కాను. తీసేయమంటావా అని అడిగింది. తీసేయమన్నాను. చేసిన పనులను వెనక్కి తిప్పుకునేందుకు దాచుకునే మెమరీ కూడా ఖాళీ చేయమన్నాడు వీడియోలో అతను. చేశాను. సేవ్ కొట్టాను. మెమరీ ముప్పైకి పడిపోయింది. ఫైల్ మూసి మళ్లీ తెరిస్తే రెప్పపాటులో వచ్చింది. ఆ సంబరంలో పక్క షాపులవాళ్లకు కూడా చాయ్ చెప్పాను.

మూడో రోజు మాడుగులపల్లి దిక్కు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది.

"అన్నా, మా అమ్మ ఫోటో ఇస్తవా? రేపు దినం."

"ఎప్పుడిచ్చినవ్ చెయ్యమని?"

"నేనియ్యలే. మూడేండ్ల కింద మా అమ్మనే వచ్చి దిగిందంట. నేను పోయినంక ఆడికి పోయి తెచ్చుకో అన్నది. కొత్త పండ్ల సెట్టు పెట్టించుకున్న రోజే, పట్టుచీర కట్టుకొని దిగిన, మంచిగ నవ్విన అని చెప్పింది. నేనైతే సూడలే."

"మరి అప్పుడే ఇంటికి తీసుకపోలేదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "బతికున్న మనిషి దండ ఫోటో ఇంట్ల పెట్టుకుంటరా అన్నా?"

ఆమెను కూర్చోమని బయటికి వచ్చి మామకు ఫోన్ చేశాను.

"మామా, ఆ దాసిపెట్టిన లేయర్లు ఎవలయి?"

"బతికున్నోళ్లయి."

"అన్నీనా?"

"పోయినోళ్లయి ప్రింటు తియ్యంగనే తీసేస్తుంటి గద. ఇవి ముందుగాల దిగి మన దగ్గర పెట్టిపోయినయి. పిల్లలకు తెలిస్తే కోపం జేస్తరు, ఎవలకు చెప్పకు అన్నరు. నీకు గూడ చెప్పలే. ఎందుకు, ఏమన్న జేసినవా?"

చెప్పాను. 

"నాది గూడ అండ్లనే ఉండె, అల్లుడా" అన్నాడు.

అంతమంది. పేర్లు లేవు, ఊర్లు తెలియవు. తమ ముఖాన్ని మా దగ్గర పెట్టి, ధీమాగా ఇంటికి పోయి బతుకుతున్నవాళ్లు. నేను చాయ్‌లు పంచుకుంటూ వాళ్లను ఊడ్చేశాను.

పోయిన ఫైళ్లు బయటికి తీసే మిత్రుడొకడు సూర్యాపేటలో ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను.

"ఇంకో కాపీ ఉందా?"

"అంత బరువు ఫైల్, యాడ పెట్టాలె?"

"కెమెరా కార్డు?"

"మామ ఎప్పటిదప్పుడు ఖాళీ చేస్తుండె."

"సేవ్ కొట్టినవా?"

"కొట్టిన."

"ఇగ ఖతం."

లోపలికి వచ్చి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కొంగులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వేరే ఫోటో లేదట. కార్డులో తల్లి బుగ్గలు లోపలికి పోయి, ఎవరో గద్దించినట్టు బెదురుగా చూస్తోంది. అప్పటికి పళ్లు పెట్టించుకోలేదు.

ఆ ముఖాన్నే పెద్దది చేసి, మచ్చలు తుడిచి, పట్టుచీర మీద అమర్చాను. గంట పట్టే పని పది నిమిషాల్లో అయిపోయింది. చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. ఆ వేగం చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె ఫ్రేమును రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"మా అమ్మనే" అంది. కొంచెం ఆగి, "అన్నా, తీసేసే ముందల నువ్వన్న సూసినవా? మంచిగ నవ్విందా?"

చూశాను, చాలా బాగా నవ్వింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"సూడలే చెల్లె" అన్నాను.